పెన్న ఒడ్డున కోట ఎక్కడికి పోయింది?

నెల్లూరు జిల్లాలో కోట చూడాలంటే ఎవరైనా ముందు చెప్పే పేరు ఉదయగిరి. అక్కడ కోట ఎక్కడని ఎవరినీ అడగక్కర్లేదు, ఊరు ఇంకా రాకముందే కొండ కనిపిస్తుంది, కొండ మీద గోడ కనిపిస్తుంది. అదే నెల్లూరు టౌన్‌లో దిగి "కోట దగ్గరికి తీసుకెళ్లండి" అంటే ఆటోవాళ్లు కోటమిట్టలో దింపుతారు. అక్కడ ఇళ్లుంటాయి, షాపులుంటాయి, ట్రాఫిక్ ఉంటుంది. కోట మాత్రం ఉండదు. అద్దంకిలోనూ దాదాపు ఇదే పరిస్థితి. గుండ్లకమ్మ దగ్గరున్న ఆ ఊరు రెడ్డిరాజుల తొలి రాజధాని. అంత పేరున్న చోట రాజధానికి తగ్గ కోట కళ్లముందు నిలబడదు.

ఇలాంటి చోట్లకి వెళ్లినవాళ్లు రెండు మాటల్లో ఏదో ఒకటి అనుకుని వెనక్కి వస్తారు. ఒకటి, ఇక్కడ పెద్ద కోటేమీ ఉండి ఉండదు, పుస్తకాల్లో గొప్పగా రాసుకున్నారంతే. రెండోది, మనవాళ్లకు చరిత్ర అంటే లెక్కలేదు, ఉన్నదంతా కూల్చేసుకున్నారు. మొదటిది తప్పు. రెండోదాంట్లో కొంత నిజముంది కానీ అసలు కారణం అది కాదు. ఏటి ఒడ్డున మైదానంలో కట్టే కోట దేనితో కడతారో, ఎందుకు కడతారో, కట్టినవాళ్లు పోయాక దాన్ని ఎవరు వాడుకుంటారో తెలిస్తే అది ఎందుకు మాయమైందో అర్థమవుతుంది. అప్పుడు ఆ ఖాళీ జాగాలోనే చూడదగ్గవి చాలా బయటపడతాయి.

ముందు, అక్కడే ఎందుకు కట్టారన్న సంగతి. కోటకు నది రక్షణ అని అందరం చిన్నప్పటి నుంచి వింటున్నాం. గోదావరికో కృష్ణకో అది కొంత సరిపోతుందేమో గానీ పెన్నకు సరిపోదు. నందికొండల్లో పుట్టి దాదాపు 600 కిలోమీటర్లు వచ్చే ఈ నది నెల్లూరు దగ్గరికి చేరేసరికి బాగా వెడల్పవుతుంది. కానీ సహజంగా ఏడాదిలో చాలా నెలలు దాంట్లో నీళ్లకన్నా ఇసుకే ఎక్కువ. ఎండాకాలంలో మనిషే కాదు, గుర్రపు దండే నడిచి దాటగలదు. అలాంటి ఏరు శత్రువును ఎలా ఆపుతుంది?

ఆపడానికి కాదు, దాటే చోటును చేతిలో పెట్టుకోవడానికే అక్కడ కోట కట్టారు. ఈ ప్రాంతం భూమి తీరు చూడండి. పడమట వెలిగొండలు, తూర్పున సముద్రం, మధ్యలో సన్నగా మైదానం. కంచి నుంచి వేంగికి పోవాలన్నా, కళింగ సేన దక్షిణానికి దిగాలన్నా, మోటుపల్లి రేవులో దిగిన సరుకు తమిళదేశానికి వెళ్లాలన్నా ఈ సందులోంచే పోవాలి. ఎక్కడో ఒకచోట పెన్న దాటి తీరాలి. ఇప్పటికీ విజయవాడ నుంచి చెన్నై వెళ్లే హైవే, రైలు మార్గం రెండూ నెల్లూరు దగ్గరే పెన్న దాటుతున్నాయంటే భూమి మారలేదనే కదా అర్థం. ఏరు దాటే ఆ రేవు ఎవరి చేతిలో ఉంటే సుంకం వాళ్లది. సైన్యాన్ని దాటనివ్వాలా వద్దా అన్న బేరమూ వాళ్లదే.

నీళ్ల సంగతి కూడా ఉంది. పైకి ఎండినట్టున్నా పెన్న ఇసుకలో చెలమ తవ్వితే నీరు ఊరుతుంది. కోటలో ఉండేది మనుషులే కాదు. గుర్రాలు, ఏనుగులు, బండ్లు లాగే ఎడ్లు, ఇవన్నీ రోజూ తాగే నీరు కొండమీది దొనల్లో దొరకడం కష్టం. చుట్టూ వరి పండే నేల, పక్కనే ఎండాకాలంలోనూ చెలమల్లో దొరికే నీరు. పాలన నడపడానికి, సైన్యాన్ని పోషించడానికి ఇంతకన్నా మంచి చోటు ఉండదు. ముట్టడి పడితే ప్రాణం కాపాడుకోవడానికి మాత్రం ఇది మంచి చోటు కాదు. ఆ అవసరం కోసం కొండ ఉంది. ఆ కాలపు రాజ్యాలు రెంటినీ కలిపే నడిపాయి. వాటిలో ఒకటి ఇవాళ మనకు కనిపిస్తోంది, రెండోది కనిపించడం లేదు.

ఇక దేనితో కట్టారన్నది. 1757లో నెల్లూరు కోటను చూసిన ఇంగ్లీషువాళ్ల రాతల్లో దాని రూపం చక్కగా దొరుకుతుంది. తూర్పు పడమరలుగా దాదాపు 1200 గజాలు, అడ్డంగా 600 గజాలు. గోడ మొత్తం మట్టిది, వాకిళ్లు, కొన్ని బురుజులు మాత్రమే రాతివి. గోడ మీద ఆరడుగుల పిట్టగోడ. ఆ పిట్టగోడలో తుపాకీ కాల్చే కంతల గురించి రాసిన చోటు నాకు బాగా ఇష్టం. గోడ ఎండాక కంతలు తొలవలేదు. గోడ పెడుతున్నప్పుడే, మట్టి ఇంకా పచ్చిగా ఉండగానే, కుమ్మరి ఆములో కాల్చిన మట్టిగొట్టాలను వరసగా అందులో పరిచేశారు. మీద మట్టి పడి, ఎండి, గొట్టమూ గోడా ఒకటైపోయాయి. లోపల నిలబడ్డ మనిషికి తుపాకీ మొన పెట్టుకునేంత నున్నటి కంత మిగిలింది. అంచు రాలదు, వానకు కరగదు. ఈ దేశంలో మామూలుగా చేసే పద్ధతే ఇదని కూడా ఆ రాతల్లో ఉంది. అంటే ఆ గోడ కట్టడంలో ఊరి కుమ్మరికి కూడా చేయి ఉంది.

మట్టిగోడ అనగానే పేదవాళ్ల కోట అనుకోకండి. ఆ ఏడాది మే నెలలో నెల్లూరును ముట్టడించింది కర్నల్ ఫోర్డ్. ఆ మరుసటి ఏడాది చందుర్తి యుద్ధంలో ఫ్రెంచివాళ్లను ఓడించినవాడు, ఆ తర్వాత మచిలీపట్నం పట్టుకున్నవాడు ఆయనే. నెల్లూరును ఏలుతున్న నజీబుల్లా ఆర్కాటు నవాబు మహమ్మదలీకి తమ్ముడు. అన్నకు ఎదురుతిరిగితే నవాబు తరఫున ఈస్టిండియా కంపెనీ సైన్యం వచ్చింది. ఫిరంగులతో కొట్టి గోడకు గండి పెట్టారు. గండిలోంచి లోపలికి మాత్రం పోలేకపోయారు. చివరికి ఫోర్డ్ నెల్లూరు తీసుకోకుండానే వెనక్కి వెళ్లాడు.

దీని వెనక కారణం మట్టి గుణమే. రాతిగోడకు ఫిరంగి గుండు తగిలితే రాయి పగులుతుంది, పగిలిన రాయి పక్కరాళ్లను కదిలిస్తుంది, కాసేపటికి ఆ భాగమంతా జారిపోతుంది. దిమ్మిస కొట్టిన మట్టిగోడలో గుండు పిండిలో వేలు దిగినట్టు దిగి అక్కడే ఆగిపోతుంది. గండి పడినా మట్టి కుప్పగా కూలి నిట్రంగా నిలబడుతుంది, ఎక్కేవాడి కాలు జారుతుంది. రాత్రికి రాత్రి లోపలివాళ్లు తట్టలతో మట్టి పోసి దాన్ని పూడ్చేసుకోగలరు. ఫిరంగులు రాకముందూ ఇదే తీరు. 1310లో ఢిల్లీ సేన ఓరుగల్లును ముట్టడించినప్పుడు వెలుపలి మట్టికోట ఎంత గట్టిదో శత్రుపక్షపు కవి అమీర్ ఖుస్రోయే మెచ్చుకుంటూ రాశాడు. ఉక్కు బల్లెం కూడా అందులోకి దిగలేదట. మైదానంలో, రాయి దూరం నుంచి తేవాల్సిన చోట, మట్టి అన్నది గతిలేక వాడింది కాదు. బాగా ఆలోచించి ఎంచుకున్నది.

అయితే ఫిరంగికి లొంగని మట్టి వానకు లొంగుతుంది. నెల్లూరు సీమలో అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి, తుపానులతో కలిపి. మట్టిమిద్దె ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లకు తెలుసు, ఏటా వానలకు ముందు మెత్తకపోతే ఏమవుతుందో. కోటగోడకూ అంతే. ఏడాదికోసారి పగుళ్లు పూడ్చాలి, మొలిచిన వేప, రావి మొక్కలు పీకాలి, నెత్తిన కప్పు సరిచేయాలి. లోపల ఓ సైన్యం, ఆ సైన్యానికి జీతమిచ్చేవాడు, ఆ పనికి ఇంత అని ఖర్చు ఉన్నంతకాలం ఆ గోడ వందల ఏళ్లు నిలుస్తుంది. 1801లో నెల్లూరు సీమ పూర్తిగా కంపెనీ చేతికి వచ్చాక ఊళ్ల చుట్టూ గోడల అవసరమే పోయింది. మెత్తేవాడు పోయాక మట్టిగోడ ఎంతకాలం నిలుస్తుంది!

వాన పని సగం చేస్తే మిగతా సగం రైతు చేశాడు. నేను నింద వేయడానికి చెప్పడం లేదు. పాతకాలం మనుషులు కాపురమున్న దిబ్బల మట్టిలో బూడిద, పేడ, ఎముకలు, కుళ్లిన చెత్త తరతరాలుగా కలిసి ఉంటాయి. దాన్నే పాటిమన్ను అంటారు. రసాయనిక ఎరువులు రాకముందు చేలకు అంతకన్నా మంచి బలం లేదు. ఎండాకాలంలో బండ్లు కట్టుకుని పాటిదిబ్బ తవ్వి పొలాలకు తోలుకోవడం మన జిల్లాల్లో మామూలు పని. పాడుబడ్డ కోట లోపలి నేల అంటే ఊరికి దగ్గర్లో, ఎవరూ అడగని, మంచి పాటిమన్ను. అలా ఏటా కొన్ని బండ్లు పోయాయి. చెక్కిన రాయి ఇంటి మెట్టయింది, బావి గట్టయింది. ఇటుక మళ్లీ గోడలోకి వెళ్లింది. మంచి సరుకును ఎవరూ పారేయని కాలం అది. కోట ఊరి నుంచి పోయిందని చెప్పడం కన్నా ఊళ్లోనే సర్దుకుపోయిందని చెప్పడం నిజానికి దగ్గర.

ఏరు కూడా ఊరుకోలేదు. 2021 నవంబరులో పెన్న వరద చూసినవాళ్లకు ఈ సంగతి వివరించక్కర్లేదు. పడుగుపాడు దగ్గర రైలు కట్ట మట్టి కొట్టుకుపోయి పట్టాలు వేలాడాయి. ఇప్పటి ఇంజనీర్లు కట్టిన కట్టకే అంత దెబ్బ. సోమశిల, సంగం లాంటి అడ్డులేవీ లేని రోజుల్లో ఒడ్డు కోసుకుంటూ పోయే వరదకు నదివైపు గోడ ఎన్నిసార్లు బలైందో ఊహించండి. అందుకే ఏటి ఒడ్డు కోటల్లో నదివైపు భాగం అన్నిటికన్నా ముందు పోతుంది. దాన్ని చూసి "ఇటువైపు గోడే కట్టలేదు" అనుకోవడం తొందరపాటు.

ఇక్కడ చరిత్రలోని ఒక చిక్కు కూడా విప్పాలి. నెల్లూరులో పాత గోడ ముక్క, పాత రాయి కనిపిస్తే వెంటనే మనుమసిద్ధి కోట అనేస్తాం. విక్రమసింహపురి, అంటే పాత నెల్లూరు, మనుమసిద్ధి వంశమైన తెలుగు చోడుల రాజధాని అన్నది నిజం. 13వ శతాబ్దంలో తిక్కన సోమయాజి మనుమసిద్ధి కొలువులో ఉన్నదీ నిజం. కానీ ఆ తర్వాత ఊరు ఎన్ని చేతులు మారిందో చూడండి. మధుర పాండ్యరాజు జటావర్మ సుందరపాండ్యుడు ఇక్కడిదాకా వచ్చి నెల్లూరులోనే వీరాభిషేకం చేయించుకున్నాడు. కాకతీయులు, విజయనగరం, గోల్కొండ, ఆర్కాటు నవాబులు, ఆ తర్వాత కంపెనీ. ప్రతి ఒక్కరూ ముందువాళ్ల గోడనే మెత్తి, పెంచి, బురుజులు మార్చుకుని ఉంటారు. 1757లో గొట్టాల కంతలున్న పిట్టగోడ తుపాకుల కాలం నాటిది, అది మనుమసిద్ధి కట్టించింది కాలేదు. దాని కింది కట్ట ఏ కాలందో తవ్వితే తప్ప తేలదు. కాబట్టి ఇలాంటి చోట "ఎవరు కట్టారు" అనే ప్రశ్నకు ఒక్క పేరుతో జవాబు వచ్చిందంటే ఆ జవాబును కాస్త అనుమానించాలి. ఏ పొర ఎవరిది అని అడగడం మేలు.

అద్దంకి కథ ఇంకా పాతది. క్రీ.శ. 848 నాటిదని పండితులు లెక్కగట్టిన పండరంగని శాసనం ఇక్కడిదే. తరువోజ పద్యంలో ఉన్న ఈ శాసనం తెలుగు పద్యానికి మనకున్న అతి పాత సాక్ష్యాల్లో ఒకటి. బడిలో చదువుకున్నప్పుడు ఛందస్సు కోసమే దాన్ని చదివాం గానీ అందులో ఉన్నది కోటల కథ. వేంగి చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుడి సేనాని పండరంగడు పన్నెండు బోయ కొట్టాలను పట్టుకున్నాడు, కట్టెపు దుర్గాన్ని "గడు బయల్సేసి" వదిలాడు, కందుకూరును బెజవాడ అంతటి ఊరుగా చేశాడు. ఒక దుర్గాన్ని ఉత్త బయలు చేశానని గర్వంగా రాయికెక్కించిన పద్యం అది. కోటను పట్టుకోవడంతో సరిపెట్టేవాళ్లు కాదు, మళ్లీ ఎవరికీ పనికిరాకుండా చదును చేసేవాళ్లు. మన ఖాళీ జాగాల్లో కొన్నింటికి వాన, రైతు, వరద కారణమైతే, కొన్నింటికి ఇలాంటి గెలుపులే కారణం.

ఆ తర్వాత దాదాపు అయిదు వందల ఏళ్లకు, కాకతీయులు కూలాక, ప్రోలయ వేమారెడ్డి అద్దంకిని రాజధాని చేసుకున్నాడు. ఎఱ్ఱాప్రగడ అరణ్యపర్వ శేషాన్ని పూరించినదీ, హరివంశం రాసినదీ ఆయన ఆస్థానంలోనే. కొడుకు అనవోతారెడ్డి 1353లో గద్దెనెక్కాక రాజధాని కొండవీటికి మారింది. ఒక్క తరంలోనే ఏటి ఒడ్డు నుంచి కొండ మీదికి! బహమనీ గుర్రపు దళాలు మైదానంలో విరుచుకుపడుతున్న రోజులవి. పాలనకు అద్దంకి ఎంత అనువైనా కొండ అవసరం మించిపోయింది. అద్దంకి కోట వెలవెలబోవడం ఆ రోజుతోనే మొదలైందని నా అభిప్రాయం. రాజు వెళ్లిపోయిన మైదాన కోటకు మెత్తేవాళ్లుండరని పైన చెప్పుకున్నాం కదా.

మరి కొండకోట ఎందుకు మిగిలింది? ఉదయగిరిని ఎవరూ పడగొట్టలేకపోయారని కాదు. గజపతుల చేతిలో ఉన్న ఆ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించాడు. దాదాపు ఏడాదిన్నర పట్టింది. బండరాళ్లు పగలగొట్టించి, దారులు వెడల్పు చేయించి, గోడ దాకా మనుషులను ఎక్కించి 1514లో గెలిచాడు. అక్కడి నుంచి బాలకృష్ణుడి విగ్రహం హంపికి తీసుకెళ్లి గుడి కట్టించాడు. అంత యుద్ధం జరిగిన కోట ఇవాళ్టికీ కనిపించడానికి పెద్ద కారణం, దాని రాళ్లను కిందికి మోసుకుపోవడం ఎవరికీ గిట్టుబాటు కాకపోవడమే. పాటిమన్ను కోసం ఆ కొండెక్కి ఎవరూ బండి తోలరు. ఊరికి దూరంగా ఉన్నది మిగిలింది, ఊళ్లో ఉన్నది ఊరికి పనికొచ్చింది. నిలిచి ఉన్న గోడల ఎత్తుని బట్టి పాత రాజ్యాల బలాన్ని కొలిస్తే విక్రమసింహపురికి, అద్దంకికి అన్యాయం చేసినవాళ్లమవుతాం.

సరే, వెళ్లి చూడాలనుకునేవాళ్లు ఏం చూడాలి? గోడ కోసం కాదు, నేల కోసం చూడండి. మట్టికోట కట్టే పద్ధతిలోనే ఒక ఆనవాలు ఉంది. అగడ్త తవ్విన మట్టే గోడగా పైకి లేస్తుంది. అంటే గోడా అగడ్తా కవలలు. గోడ పోయినా అగడ్త అంత తొందరగా పోదు. వరసగా కుంటలుగానో, వంపు తిరిగిన పల్లపు చేనుగానో, ఊళ్లో అయితే పెద్ద మురుగుకాలువగానో మిగులుతుంది. దాని పక్కనే నేల కాస్త మిట్టగా లేచి ఉంటే అది గోడ పునాది కావడానికి అవకాశముంది. పాత ఊళ్లలో ఒక వీధి ఏ కారణం లేకుండా చుట్టూ వంపు తిరుగుతుంటే అక్కడ ఆగి ఆలోచించండి. ఫోన్‌లో శాటిలైట్ మ్యాప్ తెరిస్తే నేల మీద తెలియని వంపు పైనుంచి ఇట్టే తెలుస్తుంది. నేను మాత్రం ఇప్పటికీ ముందు కాలినడకనే తిరిగి, ఆ తర్వాతే మ్యాప్ చూస్తాను. మిట్ట ఎక్కేటప్పుడు మోకాలికి తెలిసేది తెరమీద కనిపించదు.

పేటలు ఎక్కడున్నాయో చూడండి. చేతిపనివాళ్లు, వ్యాపారులు, సంత, ఇవన్నీ సాధారణంగా కోట వెలుపల పెరిగాయి. మిట్ట అన్న పేరున్న చోటు నుంచి పేటల వైపు నడిస్తే మధ్యలో ఎక్కడో పాత గోడ గీత దాటి ఉంటారు. గుళ్లను అస్సలు వదలకండి. కోటకు సైన్యం పోతే దిక్కులేదు, గుడికి మాత్రం రోజూ దీపం పెట్టే మనిషి ఉంటాడు. పెన్న ఒడ్డున రంగనాయకుల గుడి అలాగే నిలిచింది. కోటల చరిత్ర రాసిన రాళ్లు కూడా ఎక్కువగా గుళ్లలోనే దొరుకుతాయి. ఫలానా రాజు ఫలానా నాయకుడికి ఈ సీమ అప్పగించాడని, ఫలానా సుంకం దేవుడికి రాసిచ్చాడని వాటిలో ఉంటుంది. నెల్లూరు జిల్లా శాసనాలు 1905లోనే మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. అప్పటి జిల్లా కందుకూరు వైపు కూడా విస్తరించి ఉండేది, ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో కదా. వెళ్లబోయే ఊరి శాసనం ముందే చదువుకుని వెళ్తే గుడి ప్రాకారంలో అరిగిన రాయి కూడా మాట్లాడుతుంది.

నేల మీద పెంకులు, ఇటుక ముక్కలు కనిపిస్తాయి. ఇటుక మందం చూస్తే కాలం గురించి కొంత ఊహ వస్తుంది. శాతవాహనుల కాలపు ఇటుక చేయి చాపినంత పెద్దది, నవాబుల కాలానిది పలచగా చిన్నగా ఉంటుంది. కానీ పాత ఇటుకను కొత్త గోడల్లో వాడుకోవడం ఎప్పుడూ ఉన్నదే కాబట్టి ఒక్క ఇటుకతో తీర్పు చెప్పకూడదు. చూడండి, పక్కన స్కేలు లేదా పెన్ను పెట్టి ఫొటో తీసుకోండి, ఉన్నచోటే వదిలేయండి. పెంకు ఏ చోట, ఏ లోతులో దొరికిందన్నదే పురావస్తువాళ్లకు అసలు సమాచారం. ఇంటికి తెచ్చుకున్న పెంకు వాళ్లకు ఇక పెద్దగా ఉపయోగపడదు.

గుప్తనిధుల పిచ్చి గురించి చెప్పకపోతే ఈ విషయం పూర్తికాదు. అమావాస్య రాత్రుల్లో పూజలు చేసి పాత కోటల్లో, గుళ్లలో గుంతలు తవ్వే ముఠాల వార్తలు మన పేపర్లలో ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. సైన్యం ఉన్న కోటలో బంగారం పూడ్చి మర్చిపోవడమన్నది చాలా అరుదు. పైగా 1878 నాటి చట్టం ప్రకారం భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన నిధి ఏదైనా కలెక్టరుకు తెలియజేయాల్సిందే. ఆ గుంతల వల్ల పోయేది మాత్రం బంగారం కన్నా విలువైనది. వాన, వరద, రైతు ఎవరూ తాకకుండా వదిలిన ఒక్క పొర ఎక్కడైనా మిగిలుంటే, గడ్డపార దాన్నే తలకిందులు చేస్తుంది. మైదాన కోటల విషయంలో మనకు ఆధారం గోడలు కాదు, ఆ పొరలే.

కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల చుట్టూ వంద మీటర్ల దాకా కొత్త నిర్మాణాలు నిషేధం, ఆ తర్వాత ఇంకో రెండు వందల మీటర్లు అనుమతితోనే కట్టాలి. ఊళ్లలో కలిసిపోయిన మట్టికోటల్లో చాలావాటికి ఆ రక్షణ లేదు. లేనిచోట ఊరివాళ్లు చేయగలిగింది ఒకటుంది. పొలం దున్నుతున్నప్పుడో, పాత ఇల్లు పడగొడుతున్నప్పుడో అక్షరాలున్న రాయి బయటపడితే దానికి సున్నమో పెయింటో పూయకండి, బట్టలుతికే బండగా వాడకండి. వాలుగా ఎండ పడే ఉదయం పూట అక్షరాలు నీడతో తేలతాయి, అప్పుడు నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి తహసీల్దారు ఆఫీసులో చెప్పండి. మైసూరులో ఉన్న పురావస్తు శాఖ శాసన విభాగంవాళ్లు ఇలాంటివి చదివే పనిలోనే ఉంటారు, వాళ్లకు పంపినా మంచిదే.